తెరమీది పాఠమును గూర్చి కొన్ని మాటలు

ల్యాప్‌టాపును ప్రొజెక్టరును దగ్గర నుంచుకొని పాఠము చెప్పుట నేడు వింత కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11 వ తేదీని వేర్వేరు జిల్లాలైన పిమ్మట మేము ఈ మూడు జిల్లాలలోను పలు పాఠశాలలకు సభలకనియు శిక్షణలకనియు పోయియున్నాము. ఎక్కడ చూచినను తెల్లని గోడయో, వ్రేలాడు తెరయో, పైకప్పునకు బిగించిన ప్రొజెక్టరో కనబడుచునే యున్నది. ఇది మంచిదా చెడ్డదా యను వాదము మాకు వలదు. అయితే ఏ సాఫ్టువేరుతో పాఠమును సిద్ధపరుపవలెను, ఏ తీగతో దానిని ప్రొజెక్టరునకు తగిలింపవలెను అను రెండు చిన్న ప్రశ్నలను ముందుగా ఆలోచింపక పోవుటచేత పిల్లల కాలము మిక్కిలి వ్యర్థమగుచున్నది. అది తప్పింప శక్యమైన నష్టము గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కన్నులయెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. పాఠశాల పేరు చెప్పుట న్యాయము కాదు. కృష్ణానదిని గూర్చియు జూరాల ఆనకట్టను గూర్చియు బాలబాలికలకు బొమ్మలతో బోధించుటకై పట్టణమునుండి ఒక విద్వాంసుడు వచ్చెను. ఇన్నూరుమంది పిల్లలు చాపలమీద కూర్చుండిరి. ఆయన తెచ్చిన ల్యాప్‌టాపు అట్టవలె పలుచనిది. దాని ప్రక్కలను రెండు యు.ఎస్.బి.-సి రంధ్రములు తప్ప మరేమియు లేవు. పాఠశాల ప్రొజెక్టరునుండి వచ్చుచున్నదో నీలపు మూతిగల పాత వి.జి.ఎ. తీగ. రెంటికిని పొత్తు కుదరలేదు. బంట్రోతును మోటారు సైకిలుమీద బజారునకు పంపిరి. అతడు అరగంటకు తెచ్చిన వస్తువు పనికిరాలేదు. అది ఒకవైపునుండి మాత్రమే బొమ్మను పంపునది, వీరికి కావలసినది రెండవ వైపునుండి. నాలుగు గంటలకు ఊళ్ల బస్సులు బయలుదేరును గనుక సగము పిల్లలు లేచిపోవలసి వచ్చెను. ఆ పెద్దమనిషి మిగిలిన పది నిమిషములలో ల్యాప్‌టాపును రెండు చేతులతో పైకెత్తి పట్టుకొని బొమ్మలు చూపెను. ముందు రెండు వరుసలవారు ఆనకట్ట తలుపులను చూచిరి. వెనుకవారు చూచినది ఆయన చేతులను.

ఆ పిల్లలలో పలువురు కూలికై దూరదేశములు పోవు తలిదండ్రుల బిడ్డలు. వారి యింట చెప్పువారు లేరు. బడిలో విన్నదే విన్నది. అట్టి వారికి ఏడాదిలో ఒక్కసారి వచ్చు సందర్భము ఒక మూర పొడవు తీగ లేక పాడగుట చిన్న సంగతి యని మేము తలంపజాలము.

ఇక తీగల విషయము. వి.జి.ఎ. అనునది ఐ.బి.ఎం. కంపెనీవారు 1987 లో తెచ్చిన పద్ధతి. మూడు వరుసలలో పదునైదు సూదులుండును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు వేర్వేరు సూదులు. కనుకనే తెర ఉన్నట్టుండి పసుపుపచ్చనైనచో నీలపు దారి తెగినదనియు, గులాబివన్నెకు తిరిగినచో ఆకుపచ్చ దారి తెగినదనియు గ్రహింపవచ్చును. చాల తరుచుగా దోషము ప్రొజెక్టరుది కాదు; ఎవరో బలవంతముగా దూర్చగా వంగిన యొక సూదిది. పెద్దసొమ్ము పెట్టి ప్రొజెక్టరును బాగుచేయ పంపుటకు ముందు తీగను మార్చి చూడవలెను. ఈ పద్ధతిలో ధ్వని రాదు. పాటయో మాటయో వినిపింపవలెనన్న వేరొక తీగతో స్పీకరునకు కలుపవలెను. 2010 డిసెంబరులోనే ఇంటెల్, ఎ.ఎం.డి. మొదలగు కంపెనీలు 2015 నాటికి వి.జి.ఎ.ను విడిచిపెట్టుదుమని ప్రకటించెను. క్రొత్త ల్యాప్‌టాపులలో అది నిజముగనే కానరాదు. గోడలలో మాత్రము ఇంకను బ్రతికియున్నది! ప్రొజెక్టరు బిగించిననాడు సిమెంటులో పూడ్చిన తీగను ఎవరు పెకలింతురు?

రెండవది హెచ్.డి.ఎం.ఐ. దీని మొదటి ప్రమాణము 2002 లో వెలువడినది. బొమ్మయు ధ్వనియు ఒకే తీగలో పోవును. నేడు పాఠశాలలకు కొనదగిన ల్యాప్‌టాపు ఏదన్నచో, ఈ రంధ్రము స్వంతముగా గలదియే యని మేము నిస్సంశయముగా చెప్పుదుము. పలుచదనము చూచి మురిసి కొనరాదు.

మూడవది యు.ఎస్.బి.-సి. 2014 లో వచ్చిన యీ రంధ్రము మిక్కిలి మోసకారి. రూపమున అన్నియు ఒక్కటియే, గుణమున వేరు. కొన్నిటిలో విద్యుత్తును ఫైళ్లును మాత్రమే నడచును. మరికొన్నిటిలో డిస్‌ప్లేపోర్టు పద్ధతిని బొమ్మ కూడ బయటికి వచ్చును. మెరుపు గుర్తు గాని డి అక్షరమును బోలిన గుర్తు గాని ప్రక్కన నున్నచో ఆశ పెట్టుకొనవచ్చును. లేనిచో యంత్రముతో వచ్చిన పుస్తకము చూడవలెను, లేదా తగిలించి చూడవలెను. బొమ్మను పంపజాలని రంధ్రమునకు ఎంత వెలగల అడాప్టరు తగిలించినను ప్రయోజనము లేదు.

అడాప్టరులను గూర్చి యొక్క మాట నొక్కి చెప్పవలసియున్నది. హెచ్.డి.ఎం.ఐ. అంకెలలో మాటలాడును, వి.జి.ఎ. విద్యుత్తరంగములలో మాటలాడును. నడుమ దుబాసి వంటి చిన్న యంత్రము లేనిదే యీ రెండును ఒండొరుల భాష యెరుగవు. ఆ దుబాసికి ఒక్క దిక్కే తెలియును. ల్యాప్‌టాపు హెచ్.డి.ఎం.ఐ. ది, ప్రొజెక్టరు వి.జి.ఎ. ది అయినచో “హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ. కు” అని అడిగి కొనవలెను. దీనికి విపరీతమైనదియు అంగడిలో అదే రూపమున, అదే పెట్టెలో దొరకును. పైని చెప్పిన బంట్రోతు తెచ్చినది అదియే. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. చీటీమీద వ్రాసి యిచ్చినవారు దిక్కు వ్రాయలేదు.

వీటి వెల కొన్ని వందల రూపాయలు మాత్రమే. మా అభిప్రాయ మేమనగా, ఈ వస్తువులను వచ్చు ఉపన్యాసకుడు తెచ్చునని గాని, ఏ ఉపాధ్యాయుడో స్వంతమున కొనునని గాని ఎదురు చూడరాదు. అవి పాఠశాల సొత్తుగా ఒక పెట్టెలో ఉండవలెను. ఆ పెట్టెలో అయిదు మీటర్ల హెచ్.డి.ఎం.ఐ. తీగ యొకటి, వి.జి.ఎ. తీగ యొకటి, హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ. కు మార్చునదొకటి, యు.ఎస్.బి.-సి నుండి హెచ్.డి.ఎం.ఐ. కు మార్చునదొకటి, ధ్వని తీగ, మూడు కన్నుల విద్యుత్ పలక, పెన్ డ్రైవు. ప్రయోగశాలలో ఆమ్లపు సీసాలకు పట్టిక గలదు. దీనికిని ఒక పట్టిక యుండవలెను. లక్షలు పెట్టి పెద్ద తాకుడు తెరలను కోరుచు అర్జీలు వ్రాయు పాఠశాలలు కొన్నిటిలో ఈ పెట్టె లేకపోవుట మేమెరుగుదుము. తొమ్మిదవ తరగతి బాలికల కిద్దరికి ఈ పెట్టెను అప్పగించి చూడుడు. మేము చూచినంతలో పెద్దలకంటె వారే భద్రముగా నుంచుదురు, ఏది యెక్కడ తగులునో త్వరగా నేర్తురు.

తగిలించిన పిమ్మట తెర నల్లగా నున్నచో భయపడి అన్నిటిని ఊడదీయవలదు. ప్రొజెక్టరు ఏ రంధ్రమువైపు చూచుచున్నదో దాని రిమోటుతో నిర్ణయింపవలెను. పిమ్మట విండోస్ యంత్రమున విండోస్ మీటను పట్టుకొని పి మీటను నొక్కినచో నాలుగు దారులు కనబడును. రెండు చోట్లను ఒకే బొమ్మ కావలెనన్నచో రెండవ దారి. తన టిప్పణములు తన యెదుటను, బొమ్మలు మాత్రము తెరమీదను ఉండవలెనన్నచో మూడవది. క్రొత్తగా నేర్చువారు రెండవ దానితోనే తృప్తిపడుట మేలు. మూడవ దారిని ఎలుకబాణము తెరమీదికి పారిపోయి కనబడకుండుటయు, ఉపాధ్యాయుడు పిల్లలకు వీపు చూపి దానిని వెదకుచుండుటయు మనమందరము చూచిన వినోదమే.

సాఫ్టువేరునకు వత్తము. స్లయిడు అను మాటయే చాల పాతది. 1659 ప్రాంతమున హైగెన్స్ అను డచ్చి విద్వాంసుడు కల్పించిన మాయాలాంతరులో గాజుపలకలను ప్రక్కనుండి జరిపి లోనికి దూర్చెడివారు. ఆ జారుడు పలకలే స్లయిడులు. మిషనరీలు మన దేశమున రాత్రులందు గ్రామప్రజలకు చూపిన లాంతరు బొమ్మలును ఆ జాతివే. పవర్‌పాయింటు 1987 లో అమెరికాలోని ఫోర్‌థాట్ అను చిన్న కంపెనీవారు మెకింతోష్ యంత్రములకై చేసినది; ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టువారు ఆ కంపెనీని కొనిరి. ఆపిల్‌వారి కీనోటు మన పాఠశాలలలో అంతగా కానరాదు గనుక దానిని విడిచెదము. గూగుల్ స్లయిడ్స్ ఉచితమే గాని, ముందుగా సిద్ధపరచుకొననిచో ఇంటర్నెట్టు లేనిచోట తెరువదు; నల్లమల అంచు పల్లెలలో దానిని నమ్ముకొని పోవుట సాహసము. మిగిలినది లిబ్రాఫీసులోని ఇంప్రెస్. 2010 లో ఓపెన్ ఆఫీసునుండి వేరుపడిన యీ సాఫ్టువేరు పూర్తిగా ఉచితము. ఎవరైనను ఎన్ని యంత్రములలోనైనను పెట్టుకొనవచ్చును, ఒకరి కొకరు ఇచ్చుకొనవచ్చును.

మేము ఇంప్రెస్ పక్షము వహించుటకు ముఖ్యకారణ మిదియే. పవర్‌పాయింటు మంచి పనిముట్టు కాదని మా వాదము కాదు. కొన్ని విషయములలో అది మెరుగైనదే. కాని మన ప్రాంతమున ఎన్ని యంత్రములలో నున్న పవర్‌పాయింటు సొమ్మిచ్చి కొన్నది? అంగడివాడు పెన్ డ్రైవునుండి ఎక్కించి యిచ్చిన దొంగప్రతులు ఎన్ని? కాపీరైటు చట్టమునకు 1994 లో చేయబడిన సవరణ ప్రకారము అట్టి ప్రతి యని యెరిగి వాడుట శిక్షార్హమైన నేరము. చట్టము మాట యటుంచి, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచిన బాలుని బల్లయెక్కించు మనము, అదే గదిలో దొంగిలించిన సాఫ్టువేరుతో నీతిపాఠము తెరమీద చూపుట యెట్లు? పిల్లలకు ఈ సంగతి తెలియదనుకొనుట వట్టి భ్రమ. ఎక్కించినవాడు తరుచుగా పదవ తరగతి విద్యార్థి వాని అన్నయే! కేరళరాష్ట్రమున కైట్ అను ప్రభుత్వసంస్థ తన పాఠశాలల కంప్యూటరులలో ఏండ్లుగా స్వేచ్ఛా సాఫ్టువేరునే వాడించుచున్నది. అక్కడి పిల్లలు చదువులో వెనుకబడిరని ఎవరును అనలేదు. సొమ్ము గల పాఠశాల న్యాయముగా కొని పవర్‌పాయింటు వాడుకొనుగాక. సొమ్ము లేని పాఠశాలకు దొంగతనము తప్ప వేరు దారి లేదనుట మాత్రము నేడు చెల్లదు.

ఇంప్రెసునకును లోపములు గలవు. పవర్‌పాయింటులో చేసిన పాఠమును ఇందు తెరచినచో ఒక్కొక్కప్పుడు పంక్తులు జరుగును, బొమ్మలు స్థానము తప్పును, ఎగిరివచ్చు అక్షరములు ఎగురక నిలిచిపోవును. ఈ చివరిదానిని మేము లోపముగా నెంచము. అందుచేత ఏ సాఫ్టువేరుతో చేసినను, ముగించిన పిమ్మట దానినుండి పి.డి.ఎఫ్. ప్రతియొకటి తీసి ఉంచుకొనవలెను. అది ఏ యంత్రమునను ఒకే రూపమున తెరువబడును. అక్షరములు అందులోనే కూర్పబడియుండును.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ అక్షరముల సంగతి ప్రాణావసరము. గద్వాల ప్రాంతమువాడగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934 లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరని ఒక ఉపాధ్యాయుడు యింటి కంప్యూటరులో చక్కగా కూర్చెననుకొనుడు. అను మొదలగు పాత ఫాంట్లతో కూర్చినచో, ఆ ఫాంటు లేని బడి యంత్రమున ప్రతాపరెడ్డిగారి పేరు అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా దర్శనమిచ్చును. తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా పుట్టిన గ్రంథమునకు ఇంతకంటె అవమానము కలదా? కావున యూనికోడు లిపిలోనే కూర్పవలెను. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగునకు చోటు దొరకినది. పోతన, వేమన, మండలి, రామభద్ర, సూరన్న, నోటో మొదలగు ఉచిత ఫాంట్లు కలవు. యూనికోడు అయినను ఫాంటు మారినప్పుడు పంక్తి పొడవు మారును. మన లిపికి వత్తులు క్రిందికి దిగును గనుక, ఇంగ్లీషునకు సరిపోవు ఇరుకు పంక్తులలో “స్త్రీ”, “రాష్ట్రము” వంటి మాటల అడుగులు తెగిపోవును. పంక్తుల నడుమ ఎడము పెంచి, ఫాంటును ఫైలులోనే పొదుగుమని సాఫ్టువేరునకు చెప్పవలెను; పవర్‌పాయింటునందును ఇంప్రెస్‌నందును ఆ సౌకర్యము కలదు.

తెర ఆకారము నిట్లే చూచుకొనవలెను. పాత ప్రొజెక్టరులలో పెక్కింటి బొమ్మ నిడివి యెత్తులు 4:3. 2013 తరువాతి పవర్‌పాయింటు తనంతట 16:9 కొలతతో పుట ఇచ్చును. దానిని పాత ప్రొజెక్టరుమీద వేసినచో మీదను క్రిందను నల్లని పట్టీలేర్పడి తెరలో సరిగా నాలుగవవంతు వ్యర్థమగును. ముందే బడి కొలత కనుగొని పుటను అమర్చుకొనుట నిమిషము పని. అంతయు చేసిన పిమ్మట అమర్చుట పూటపని.

వ్రాయు తీరును గూర్చి ఎంతయో చెప్పవచ్చును గాని ఒక్క దృష్టాంతము చాలును. 2003 ఫిబ్రవరి 1 వ తేదీని కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివచ్చుచు విచ్ఛిన్నమై, మన కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాయు మరి ఆరుగురును మరణించిరి. ప్రయాణారంభమున నురుగుముక్క యొకటి ఎడమ రెక్కకు తగిలెను. వారు ఇంకను ఆకాశమున నున్నప్పుడే ఆ దెబ్బను గూర్చి ఇంజనీర్లు తయారుచేసిన స్లయిడులు అధికారులకు చూపబడెను. వానిలో నొకదాని శీర్షిక ధైర్యము చెప్పునట్లుండెను. తగిలిన ముక్క, ప్రయోగములలో పరీక్షింపబడిన ముక్కకంటె పరిమాణమున 640 రెట్లు పెద్దదని తెలుపు సంఖ్యలు మాత్రము అడుగున, చిన్న అక్షరములలో, చుక్క క్రింది చుక్క క్రింద నుండెను. స్లయిడే వారిని చంపినదని ఎవరును అనరాదు. కాని విచారణసంఘము అదే సంవత్సరము ఆగస్టున ప్రకటించిన నివేదికలో, వివరమైన వ్యాసములకు బదులు ఇట్టి స్లయిడులను ఆధారము చేసికొను అలవాటును తప్పుపట్టెను. ఎడ్వర్డ్ టఫ్టీ అను అమెరికా ఆచార్యుడు ఆ స్లయిడును పంక్తి పంక్తిగా విమర్శించెను. పాఠములో ముఖ్యమైనది ఏదో అది పైన, పెద్దగా, వెనుక బల్లవారికి కనబడునట్లు వ్రాయవలెనని పిల్లలకు నేర్పునప్పుడు మేము ఈ కథయే చెప్పుచుందుము. పాఠ్యపుస్తకపు పుటను ఫొటో తీసి తెరమీద వేసి చదువు ఉపాధ్యాయులున్నారు. పుస్తకము పిల్లల చేతులలో నుండగా తెర యెందులకో మాకు బోధపడదు.

కరెంటు పోవుట, ల్యాప్‌టాపు నిద్రపోవుట, నడుమ విండోస్ క్రొత్త మార్పులను దింపుకొనుట, ఇవన్నియు ఉపాధ్యాయులు చాలవరకు ఎరిగినవే. పాఠపు సారాంశమును చేతికాగితముమీద వ్రాసికొని, సుద్దముక్క జేబులో నుంచుకొన్నవానికి వీనివలన పెద్ద భయము లేదు.

వెలుతురు సంగతి ఒకటి మిగిలియున్నది. మన తరగతిగదులకు గాలికై పెద్ద కిటికీలుంచిరి, అది మంచిదే. కాని మూడువేల ల్యూమెనుల సామాన్యపు ప్రొజెక్టరు మధ్యాహ్నపు ఎండముందు నిలువజాలదు. కిటికీలకు నల్లగుడ్డయో జంపఖానయో కట్టుదురు. చీకటియైనదనుకొందుము గాని గాలియు ఆగును. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు పెట్టునంత యెండలు గల మన ప్రాంతమున అట్టి గదిలో అరువదిమందిని గంటసేపు కూర్చుండబెట్టరాదు. బొమ్మలతో చెప్పవలసిన పెద్ద పాఠములను నవంబరు, డిసెంబరు, జనవరి నెలలకు ముందే పంచుకొని, తూర్పు కిటికీల గదియైనచో మధ్యాహ్నమునను, పడమటి కిటికీల గదియైనచో ప్రార్థన ముగిసిన వెంటనే మొదటి గంటను పెట్టుకొనవలెను. వచ్చు సంవత్సరపు కాలపట్టికను వేయు ఉపాధ్యాయులు దీనిని జూన్ మాసముననే గమనింతురని కోరుచున్నాము.